సజీవమైన ఎఱకు గాలము గ్రుచ్చు విధము
(మన కులసంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యనుగూర్చియో, సంఘసంస్కారమునుగూర్చియో నేను ప్రసంగింతునని పలువురు తలచియుందురు. ముప్పదియేండ్లు బడిపంతులుగ నుండి విశ్రాంతి గైకొన్నవాని నుండి అంతకంటె నెవరు మాత్ర మేమి కోరుదురు? కాని నేడు నేను గాలమునుగూర్చి, ముఖ్యముగ ప్రాణముతోనున్న చేపను గాలమునకు గ్రుచ్చు విధమునుగూర్చి మనవి చేయదలచితిని. ఇది పెద్దలసభకు తగిన విషయమా యని నాలో నేనే కొంత సంకోచించితిని. కార్యదర్శిగారు మాత్రము, "పంతులుగారూ, మన పడవలలో సగము కూడు దానివలననే గదా!" యని నా నోరు మూయించిరి.

మొదట నా విద్యకు సంబంధించిన మాట యొక్కటి చెప్పి ముందునకు పోవుదును. గాలమునకు సంస్కృతమున బడిశమని పేరు. మత్స్యవేధనమనియు మఱియొక పేరు గలదు. చేపను వేధించునది, అనగా గ్రుచ్చునది, అని దాని యర్థము. ఎఱకు ఆమిషమని పేరు. ఈ శబ్దమునకు మాంసమనియు, ఆశపెట్టు వస్తువనియు గూడ అర్థములున్నవి. పశ్చిమచాళుక్యులలో మూడవ సోమేశ్వరుడను రాజు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణము గలదు. ఏ చేపకు ఏ యాహారము వేయవలెనో, గాలముతో నెట్లు పట్టవలెనో ఆ రాజు వివరించియున్నాడు. రాజుగారికది వినోదము; మనకది జీవనము. భాషాప్రవీణ చదువునాడు ఆ ప్రకరణము చదివి నేను పులకించితిని గాని, అదే విషయమును నాకంటెను, ఆ గ్రంథముకంటెను మా తండ్రిగారు మిక్కిలి చక్కగ నెఱుగుదురని నాకప్పుడు తోచలేదు.

1971వ సంవత్సరమున నాకు పండ్రెండేండ్లు. ఒకనాడు మా తండ్రిగారు నన్ను తెప్పమీద వంజరముల వేటకు తీసికొనిపోయిరి. విశాఖ ప్రాంతమున దీనినే కోనామందురు. తెల్లవారకమునుపే చిన్న గాలముల వరుసతో కానాగంతలను పట్టి కుండలోని నీటిలో వేసిరి. తరువాత వారు తెడ్డు వేయుచు, ఎఱ గ్రుచ్చు పని నాకప్పగించిరి. చేప జారిపోగూడదని నేను గుప్పిట బిగబట్టి, గాలమును వీపునుండి లోతుగ, ఎముక తగులునంతవఱకు గ్రుచ్చితిని. నీటిలో విడువగనే చేప వెల్లకిల పడెను. రెండవదియు నట్లే. ఏడు చేపలిట్లు చచ్చినవి. ఎనిమిదవది కుండలో లేదు. మా తండ్రిగారు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "ఒరే, నీ గాలం గట్టిగానే ఉంది, చాపే లేదు" అనిరి. ఆనాడు మేము వట్టి చేతులతో ఒడ్డు చేరితిమి. ఆ సాయంకాలము మా తల్లి షావుకారు వాకిట బియ్యమునకై నిలుచుట నేను కన్నులార చూచితిని. ఆ మాట నేటికిని నా చెవిలో మ్రోగుచున్నది.

ఇక విషయమునకు వచ్చెదను. చచ్చిన ఎఱకును, ప్రాణముగల ఎఱకును భేదమేమి? వంజరముగాని సూరగాని కన్నుతో మాత్రమే వేటాడదు. చేప ప్రక్కలందు తలనుండి తోకవఱకు ఒక గీత గలదు. నీటిలోని చిన్న కదలికను సైతము ఆ గీతతో చేప గుర్తించును. గాయపడి కొట్టుకొను చేప పుట్టించు అదురు దానికి విందుపిలుపు వంటిది. కాబట్టి ఎఱ కొట్టుకొనవలెను, ఈదవలెను, అయినను చావరాదు. ఈ మూడింటిని ఒక్క గాలపుమొన సాధింపవలెను. ఇదియే యీ విద్యలోని కష్టము.

గ్రుచ్చుటకు పూర్వము జరుగు పనియే సగము. పొడిచేతితో చేపను పట్టినయెడల దాని మేనిపై జిగురు ఊడిపోవును. కవళ్ళయితే పొలుసులు రాలిపోవును. జిగురు పోయిన చేప ఎక్కువసేపు బ్రతుకదు. కావున చేయి తడిపి పట్టవలెను, లేదా తడిగుడ్డతో పట్టవలెను, ఒత్తరాదు. నీటితొట్టి గుండ్రముగ నుండవలెను. మూలలున్న తొట్టిలో చేపలు మూలకుజేరి మూతి పగులగొట్టుకొనును. కానాగంతవంటి చేప ఆగక ఈదుచు, తెఱచిన నోటినిండ నీరు పుచ్చుకొని మొప్పలమీదుగ విడిచిననే దాని ఊపిరి నిలుచును. చుట్టును తిరుగుటకు తావులేనిచో పట్టపగలే ప్రాణము విడుచును. నీటిని మాటిమాటికి మార్చవలెను. ఇరువది చేపలు పట్టుచోట నలుబది వేయుట మన కుఱ్ఱవాండ్రకు కలిగిన దురాశ. చివరకు పదియైనను మిగులవు.

ఇపుడు గ్రుచ్చు తావులు. ఇందు నాకు తెలిసినంతలో ముఖ్యమైన సంగతి యొక్కటియే: పడవ నడుచుచున్నదా, నిలిచియున్నదా, నీరు లాగుచున్నదా యనుదానిని బట్టి తావు మారును. వ్యాకరణమున ఒకే ధాతువు ప్రత్యయమునుబట్టి రూపము మార్చుకొనునట్లు ఇదియు మారును. పిల్లలకు ధాతువులు వల్లె వేయించునపుడు ఈ దృష్టాంతము నేనెన్నడును చెప్పలేదు. చెప్పియుండిన వారికి వ్యాకరణము కొంత రుచించియుండునేమో!

పడవ మెల్లగ నడుచునపుడు, లేదా ఎఱ ప్రవాహమున కెదురుగ నిలువవలసినపుడు ముక్కునందే గ్రుచ్చవలెను. కన్నులకు ముందు, మూతిమీదనున్న ముక్కురంధ్రములగుండ మొనను ప్రక్కకు దాటించవలెను. చేప తల ముందుగ లాగబడును గనుక సహజముగ ఈదును, నీరు మొప్పలలోనికి పోవును. కొందఱు క్రింది పెదవిని మీది పెదవిని కలిపి గ్రుచ్చెదరు. ఊడిపోదను ధైర్యముండును గాని నోరు మూసికొనిపోయి చేప ఊపిరాడక చచ్చును. మీది దవడ మాత్రము గ్రుచ్చుట మేలు.

లంగరు వేసి నిలిచియున్నపుడు, లేదా గాలికి పడవ మెల్లగ కొట్టుకొనిపోవునపుడు వీపునందు గ్రుచ్చవచ్చును. వెన్నురెక్కకు కొంచెము ముందు, చర్మమునకు దిగువ కొలదిపాటి కండను మాత్రము తీసికొని మొన బయటకు తేవలెను. వెన్నెముకకు తగులరాదు. తగిలినచో నా కానాగంతల గతియే పట్టును. అదే గాలమును వెన్నురెక్కకు వెనుక గ్రుచ్చినచో త్రాడు తోకభాగమును మీదికి లాగును, తల క్రిందికి వంగును. అప్పుడా చేప లోతునకు దిగ యత్నించును. లోతులోనున్న పెద్దచేపకై ఇది ఉపాయము. కాని ఇట్టి ఎఱను వేగముగ వెనుకకు లాగరాదు. వెనుకకు లాగబడిన చేపకు మొప్పలలోనికి నీరు సరిగ పోదు, నీటిలోనే మునిగిచచ్చును. చేప నీటిలో మునిగిచచ్చుట వింతగ తోచినను సత్యము.

మఱియొక విధము నాకు నా శిష్యుడే నేర్పెను. ఈ మాట చెప్పుట నాకు సిగ్గే. 1980 తరువాతి సంవత్సరములలో, నేను పనిచేసిన యొక పాఠశాలలో, ఒక బాలుడు ప్రతిదినము ఆలస్యముగ వచ్చెడివాడు. చేతులు చేపకంపు కొట్టుచుండెను. నేనును అదే కులమువాడనయ్యు, ఆ కంపు నాకు నా బాల్యమును జ్ఞప్తికి తెచ్చినందుననో యేమో, బెత్తముతో ఆ చేతులమీదనే కొట్టితిని. కొన్నాళ్ళకు వాడు బడి మానెను. నేడతడు యంత్రపు పడవలకు యజమాని, పసుపురెక్కల సూరలను గాలముతో పట్టుటలో మన రేవున పేరుగలవాడు. నేను ఉద్యోగము విరమించిన పిదప నొకనాడు, "మాష్టారూ, రండి" యని తన పడవమీద నాకు తన పని చూపెను. గాలమును చేపలో గ్రుచ్చనే లేదు! సూదితో చిన్న లబ్బరుపట్టీని చేప కన్నులకు ముందు, గ్రుడ్లకు తగులకుండ, ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు దాటించెను. పట్టీ రెండు కొసలను గాలపు వంపునకు తగిలించి, గాలమును కొన్నిమార్లు త్రిప్పి పట్టీని మెలివేసి, మొనను ఆ మెలికకును చేపతలకును నడుమ దూర్చి యీవలకు తీసెను. గాలమంతయు చేపతలమీద కిరీటమువలె బయటనే నిలిచెను. మొన ఏ కండలోను ఇఱుకుకొనదు గనుక పెద్దచేప నోట తగిలినంతనే పట్టును. ఎఱయు చాలసేపు చుఱుకుగ ఈదును. అర నిమిషములో వాడిది చేసిన తీరు చూచి, ఆనాడు నేను కొట్టిన వ్రేళ్ళివియే గదా యని తల వంచుకొంటిని. వాడు మాత్రము ఏమియు ఎఱుగనట్లు రెండవ చేపకు చేయి చాచెను.

గాలపు పరిమాణమునుగూర్చి ఒక మాట. పెద్దచేపకు పెద్దగాలమని మనవారి నమ్మకము. ఎఱకు తగిన గాలమనుట సరియైన మాట. కవళ్ళవంటి చిన్నచేపకు లావుపాటి గాలము తగిలించుట పసిబిడ్డ మెడకు రోకలి కట్టుటయే.

వంజరమునకును సూరకును వేటలో భేదమున్నది. వంజరము పండ్లు కత్తివంటివి. అది సాధారణముగ ఎఱను తోకవైపు తెగగొట్టి, పిదప మిగిలినదానికై తిరిగివచ్చును. ముక్కునందొక్క గాలమే యున్నచో మనకు దక్కునది కానాగంత తలకాయ. అందుచేత మొదటి గాలమునకు పొట్టి తీగతో రెండవ గాలమును కట్టి, దానిని తోకకు సమీపమున చర్మమునందు తేలికగ తగిలించెదరు. ఆ తీగ బిగువుగ నుండరాదు. ఎఱ ఒడలు వంచి ఈదుటకు వదులుండవలెను. త్రాటి చివర కొంతమేర తీగయే యుండవలెను, తంగూసు తెగిపోవును. సూర యట్లుగాదు. అది ఎఱను మొత్తముగ మ్రింగును, కన్ను చుఱుకైనది, తీగను చూచి తొలగిపోవును. దానికి ఒకే గాలము, సన్నని తెల్లని తంగూసు.

వలయపు గాలమునుగూర్చి చెప్పక మానరాదు. దీని మొన తిన్నగ మీదికి చూడక, కాడవైపునకు లోపలికి తిరిగియుండును. పసిఫిక్ దీవులవారు పూర్వమే ఎముకతోను చిప్పతోను ఇట్టివి చేసికొనెడివారు. చేప ఎఱను మ్రింగి తిరిగి పోవునపుడు, ఈ గాలము గొంతులో గ్రుచ్చుకొనక జారివచ్చి నోటిమూలయందు పట్టును. దీనితో చేయి విదిలించి లాగుట తప్పు. త్రాటిని స్వేచ్ఛగ పోనిచ్చి, చేప ఎఱను తలవైపునుండి మ్రింగుటకు వ్యవధి యిచ్చి, పిదప త్రాటిని మెల్లగ బిగించిన చాలును. తరతరములుగ విదిలించుటకు అలవాటుపడిన మన చేతులకు ఇది కష్టమే. మా తండ్రిగారు బ్రతికియుండిన ఒప్పుకొనియుండరు. అయినను లాభమున్నది. నోటిమూలన పట్టిన చేప తప్పించుకొనుట తక్కువ. కడుపులో గాయములేదు గనుక ప్రాణముతో పడవచెంతకు వచ్చును. పొరపాటున సముద్రపు తాబేలు తగిలినను, దాని గొంతున దిగుట తక్కువ గనుక విప్పి విడుచుట సులభము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ఆ తాబేళ్ళు రక్షితములని మీరందఱెఱుగుదురు.

సూరను గుఱించి ఇంకొక్కటి. అది వేడిరక్తము గల చేప. ఎక్కువసేపు పెనుగులాడినచో దాని మాంసము లోలోపల ఉడికినట్లై రంగు చెడి ధర పడిపోవును. త్రాడు పట్టు చేతికి తొడుగులుండవలెను. తంగూసు వ్రేలిని కోసిన కోత ఎముక చూపును. చేపను త్వరగ లాగి, నెత్తురు విడిచి, వెంటనే మంచులో పెట్టవలెను. ఆలస్యమైనచో ధర మాట యటుండ, తినువానికే చేటు. గ్రుచ్చుట బాగుగ కుదిరినచో పెనుగులాట కాలమును తగ్గును.

ఇక నీ సభయందున్న పోషకులకు ఒక విన్నపము. వలకొనుటకు అప్పిచ్చువారున్నారు, యంత్రము కొనుటకు ఇచ్చువారున్నారు. చిన్న తెప్పవాడు మంచి గాలములు, గుండ్రని నీటితొట్టి కావలెనని వచ్చినచో, అంత చిన్న మొత్తమునకు కాగితము వ్రాయుటకైనను ఎవరును ఇష్టపడరు. చేప విరివిగ దొరకని దినములలో వలవాడు నూనెఖర్చుకు వెనుకాడి ఒడ్డుననే యుండును. ఒకటి రెండు వంజరములు పట్టి ఇల్లు గడుపుకొనువాడు ఈ గాలపువాడే. సంఘనిధినుండి ఒక చిన్నభాగమును ఇందులకై కేటాయింపవలసినదని ప్రార్థించుచున్నాను. మా తల్లి షావుకారు వాకిట నిలిచిన సాయంకాలమును మీకు చెప్పితిని గదా.

రేపు తెల్లవారుజామున రేవున, నా శిష్యుడు రెండు తొట్ల నిండ బ్రతికిన కానాగంతలతో సిద్ధముగ నుండునని వాగ్దానము చేసినాడు. వచ్చిన కుఱ్ఱవాండ్రకు ముక్కున గ్రుచ్చుట, వీపున గ్రుచ్చుట, లబ్బరుపట్టీ కట్టుట మూడును చేతికిచ్చి చేయించును. చేతులు తడుపుకొని రండు. నేనును వచ్చెదను, నేనింకను ఆ మెలిక వేయుట సరిగ నేర్వలేదు.