ఐదు స్తంభాల రసీదు

ఆదివారం పూట క్లినిక్కులు మూసుకుని నందిగామ నుంచీ కంచికచర్ల నుంచీ వచ్చిన దంత వైద్యులకు, వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన అబ్బాయి చాలా పెద్ద మాటలు అన్నాడు. అందులో సగం కొట్టేసినా నాకు ఇబ్బంది లేదు. మిగతా సగానికి వోచర్లు లేవు.

నేను ఆడిటర్ని. ఈ మెట్ట ప్రాంతంలోని గుడుల ట్రస్టులు, అన్నదాన సమాజాలు, చదువుల సంఘాలు, వైద్య ఫౌండేషన్లు సెప్టెంబరు వచ్చేసరికి కాగితాలు కుక్కిన అట్టపెట్టెలతో నా ఆఫీసు మెట్లెక్కుతాయి. అంతకు మించిన అర్హత నాకు లేదు. దంత వైద్య ఫౌండేషన్ నిధి ఎలా నడపాలి, గ్రాంట్లు ఎలా తెచ్చుకోవాలి, విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఎలా ఇవ్వాలి అని కార్యదర్శి గారు మూడు అంశాలు రాసి పంపారు. మూడూ చెబుతాను. శాలువాలు మాత్రం చివర్లో వద్దండీ. మా ఇంట్లో బీరువా నిండిపోయింది.

అయితే జగ్గయ్యపేట వచ్చి ఇక్కడి బౌద్ధ స్తూపం దిబ్బ, ధనబోడు మాట ఎత్తకుండా పోవడం నా వల్ల కాదు. ఇక్కడి డాక్టర్లలో ఆ దిబ్బ ఎక్కినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సరే, దించండి. అడక్కుండా ఉండాల్సింది.

1882లో పురావస్తు శాఖ బర్జెస్ దొర ఆ స్తూపాన్ని పరిశీలించాడు. 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద పెద్ద పుస్తకం అచ్చు వేశారు. అక్కడి శిల్పాల్లో పేరు మోసింది చక్రవర్తి పలక. రాజు చెయ్యి పైకెత్తగానే మేఘాల్లోంచి నాణేల వాన కురుస్తూ ఉంటుంది. అది ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉంది. మన ఫౌండేషన్లన్నీ కలగనేది ఆ వానే కాబట్టి అందరూ ఆ పలక గురించే మాట్లాడతారు. నాకు మాత్రం తూర్పు వాకిలి స్తంభాల మీద చెక్కిన ప్రాకృత శాసనమే ఇష్టం. ఎందుకంటే, అది రసీదు.

మూడో శతాబ్దం. విజయపురి నుంచి ఇక్ష్వాకులు ఏలుతున్న రోజులు. శాసనం దేవుడి పొగడ్తతో గానీ రాజు ప్రతాపంతో గానీ సాగదు. తేదీతో మొదలవుతుంది. వీరపురుషదత్తుడి ఏలుబడిలో 20వ సంవత్సరం, వర్షకాలంలో 8వ పక్షం, 10వ రోజు. నా దగ్గరకొచ్చే రసీదు పుస్తకాల్లో తేదీ లేని రసీదులు ఎన్నో! అడిగితే "దసరా ముందేనండీ, మీకు తెలీదా" అంటారు. నాకెలా తెలుస్తుంది? ఆదాయపు పన్ను ఆఫీసరుకి ఎలా తెలుస్తుంది?

తర్వాత దాత. పేరు సిద్ధార్థుడు. వృత్తి, శిల్పుల మేస్త్రీ. తండ్రి నాకచంద్రుడు, ఆయనా మేస్త్రీయే, కమ్మకరాష్ట్రంలో నడతూర గ్రామం వాడు. పేరు, తండ్రి పేరు, వృత్తి, ఊరు. ఇవాళ మనం పాన్ నెంబరు, చిరునామా అడిగితే మొహం చిట్లించుకునే దాతలున్నారు. ఇంకా వినండి. ఆ దానం ఆయన ఒక్కడే చేసినట్టు రాయించుకోలేదు. తల్లి నాగిలానిని ముందు పెట్టాడు. భార్య సముదాని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక, సోదరుడు బుధినాక, అతని భార్య కనిక, వాళ్ల కొడుకులు నాగసిరి, చందసిరి, కూతురు సిధథనిక. అందరి పేర్లూ ఉన్నాయి. చిన్నపిల్లలవి కూడా. ఆడపిల్లల పేర్లు చెక్కడానికి రాయి చాల్లేదని అనుకోలేదు ఆ మహానుభావుడు. మొన్న ఒక ఊళ్లో చదువుల నిధికి ఇల్లాలు తన గొలుసు అమ్మి డబ్బిస్తే శిలాఫలకం మీద ఆవిడ భర్త పేరు, ఆయన తండ్రి పేరు, ఆయన తాత పేరు ఎక్కాయి. ఆవిడ ఫలకం ఎదురుగా కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత వస్తువు, పరిమాణం, చోటు. 5 ఆయక స్తంభాలు, అంటే స్తూపం వాకిలి దగ్గరి అరుగు మీద నిలబెట్టేవి. వెలగిరి అనే ఊళ్లో, బుద్ధ భగవానుడి మహాచైత్యం, తూర్పు వాకిలి దగ్గర. ఐదు స్తంభాలంటే బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు గుర్తులని పెద్దలు చెబుతారు, జననం మొదలు నిర్యాణం దాకా. ఆడిటర్‌గా నాకు ఆ అర్థం కంటే ఆ అంకె ముఖ్యం. 5 అని రాశాడు, అవి ఏ దిక్కున నిలబెట్టాడో రాశాడు. వెళ్లి లెక్కపెట్టుకోవచ్చు. ఆఖరున, ఎందుకోసం? సకల ప్రాణుల హితం కోసం, సుఖం కోసం. మన ట్రస్టు డీడుల్లో మూడు పేజీలు రాసే ఉద్దేశాలు ఆ ఒక్క ముక్కలో ఇమిడిపోయాయి.

రాజు కాదండీ, మేస్త్రీ. ఈ ఊరికి తండ్రి పేరు పెట్టిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు గొప్ప దాత, కాదనను. ఆయన తులాభారాల గురించి ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటాం. కానీ జమీందారు ఇచ్చినది కథగా మిగిలింది, మేస్త్రీ ఇచ్చినది లెక్కగా మిగిలింది. నాకు రెండోదాని మీదే గురి.

ఈ హాల్లో ఒక్కసారి తలెత్తి చూడండి. ఆ మూడో ఫ్యాను రెక్కల మీద దాత పేరుంది. ఫ్యాను తిరిగితే పేరు కనపడదు, పేరు కనపడితే గాలి రాదు. అయినా అందులో తేదీ ఏది? ఎవరికిచ్చారు? ఈ సంఘానికా, హాలుకా, హాలు మేనేజరు గారికా? నవ్వకండి. రేపు ఈ హాలు చేతులు మారితే ఆ ఫ్యాను ఎవరిదో తేల్చేది నాలాంటి వాడే.

సిద్ధార్థుడి రసీదు మీద నాకున్న అభ్యంతరం ఒక్కటే. ఖర్చెంతయిందో రాయలేదు. పైగా ఆ స్తంభాల బాగోగులు తర్వాత ఎవరు చూస్తారో, ఏ డబ్బుతో చూస్తారో కూడా రాయలేదు. అది రాసినవాడు నాసిక్‌లో ఉన్నాడు. అంటే నేను మొదటి అంశానికి వచ్చేశానన్నమాట.

నాసిక్ గుహలో క్షహరాత రాజుకు అల్లుడైన ఉషవదాతుడి శాసనం ఉంది. భిక్షువుల కోసం 3,000 కార్షాపణ నాణేలు సాలెవాళ్ల శ్రేణుల, అంటే వృత్తి సంఘాల దగ్గర వేశాడు. 2,000 నూటికి నెలకు ఒకటి వడ్డీ మీద, 1,000 ముప్పావు వడ్డీ మీద. అసలు తిరిగి ఇవ్వనక్కర్లేదు, వడ్డీ మాత్రమే వాడాలి. ఆ రోజుల్లో అక్షయనీవి అన్నారు, ఇప్పుడు కార్పస్ అంటున్నాం. నూటికి రూపాయి వడ్డీ లెక్క మన మెట్ట రైతుకి ఇప్పటికీ నోటికి వచ్చిందే.

తంటా అంతా ఆ నోటి లెక్కతోనే వస్తుంది. ఫౌండేషన్ చేతికి పది లక్షలు రాగానే ఒక ట్రస్టీ గారు లేస్తారు. "బ్యాంకువాడు ఏడు శాతం కూడా ఇవ్వడం లేదు, మనవాడే, మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది, నూటికి రెండు రూపాయలకు తీసుకుంటాడు" అంటారు. నోటు రాయించుకుంటారు. మిర్చి ధర పడిపోతుంది. అసలు పోతుంది, వడ్డీ పోతుంది, పన్ను మినహాయింపు కూడా పోతుంది. ధర్మ నిధిని ఎక్కడ దాచాలో చట్టం జాబితా ఇచ్చింది. షెడ్యూల్డు బ్యాంకు, పోస్టాఫీసు, అలాంటివి. అందులో కోల్డ్ స్టోరేజీ లేదు, చిట్టీ లేదు, సుబాబుల్ తోట లేదు.

ఇంకో లెక్క. 10 లక్షల డిపాజిట్టు, 7 శాతం అనుకుందాం. ఏడాదికి 70,000. ఆదాయంలో 85 శాతం ఆ ఏడే ధర్మకార్యాలకు ఖర్చు కావాలి, 15 శాతం షరతుల్లేకుండా వెనకేసుకోవచ్చు. అంటే 59,500 ఖర్చు, 10,500 మిగులు. ఆ మిగులు అసల్లో కలపండి. ఎందుకంటే వడ్డీ పెరగదు, హాస్టల్ మెస్ బిల్లు పెరుగుతుంది.

ఇప్పుడు ఒక అమ్మాయికి ఏడాదికి 50,000 ఇస్తామని వేదిక మీద ప్రకటించారు. చప్పట్లు. మరుసటేడు ఇంకో అబ్బాయికి ప్రకటించారు. మళ్లీ చప్పట్లు. బీడీఎస్ నాలుగేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. నాలుగో ఏడు వచ్చేసరికి నలుగురు పిల్లలు, రెండు లక్షలు. మీ వడ్డీ అదే 70,000. వడ్డీ మొత్తం ఖర్చు పెట్టేసినా, ఏటా ఒక్కరిని చేర్చుకోవాలంటే అసలు 29 లక్షలకు దగ్గర్లో ఉండాలి. లేదంటే నాలుగేళ్లకు ఒక్కరినే తీసుకోండి. మూడో ఏట ఒక పిల్లకు డబ్బు ఆపేయడం కంటే మొదట్లోనే లేదని చెప్పడం మర్యాద.

గ్రాంట్ల సంగతి. జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి కదా అంటారు అందరూ. ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు కావాలంటే మీరు ముందుగా సీఎస్‌ఆర్ నమోదు చేయించుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. కానీ కంపెనీవాళ్ల లెక్క ఏడాదికేడాది తేలిపోవాలి. అందుకే వాళ్లకు శిబిరాలంటే ఇష్టం. ఒక్క రోజులో మూడు వందల నోళ్లు చూశామంటే ఫొటోకి బావుంటుంది. మరి పళ్లూడిపోయిన ముసలమ్మకు కట్టుడు పళ్లు? మీకు నేను చెప్పాలా? అచ్చు తీయాలి, కాటు చూడాలి, మైనం మీద పళ్లు నిలిపి సరిచూడాలి, అప్పుడు బిగించాలి, చిగురు ఒరుసుకున్న చోట మళ్లీ పిలిచి అరగదీయాలి. శిబిరం ఒక్క రోజే. ఆ సెట్టు నొప్పి పెడితే ఆవిడ దాన్ని గూట్లో పెట్టేస్తుంది. కాబట్టి గ్రాంటు అర్జీలో ఎన్ని నోళ్లు చూస్తారో కాదు, ఎన్ని సెట్లు ఆఖరి విజిట్ దాకా తీసుకెళ్తారో రాయండి. తక్కువ అంకె రాయడానికి సిగ్గుపడకండి.

అమెరికా పిల్లల డబ్బు గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఈ హాల్లో ప్రతి రెండో ఇంట్లో ఒకరు అక్కడున్నారు. మీ అబ్బాయి దగ్గర ఇంకా భారతీయ పాస్‌పోర్టు ఉంటే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడా, కొడుకైనా సరే విదేశీ దాతే. అప్పుడు విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ కింద నమోదు ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బులో ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. "మా వాడు నా ఖాతాకి పంపుతాడు, నేనిస్తాను" అని ఇప్పుడే ముందు వరుసలో ఎవరో గొణిగారు. ఆ మాట మైకులో అనకండి.

చీటీ వచ్చింది. పది నిమిషాలట. టిఫిన్లు చల్లారుతున్నాయట. దంత వైద్యుల సభలో ప్లేటుకి రెండేసి స్వీట్లు పెట్టడం నాకు అర్థం కాలేదు గానీ, ఆతిథ్యం కదా.

స్కాలర్‌షిప్పులు. గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో సిద్ధార్థ విద్యాసంస్థల వాళ్ల దంత వైద్య కళాశాల డాక్టర్లు సుధ, నాగేశ్వరరావుల పేరు మీద ఉంది. కళాశాలకు పేరిచ్చేంత దానం అందరివల్లా కాదు. మనం చేయగలిగింది చిన్నది. ఫీజు సంగతి ఫీజు రీయింబర్స్‌మెంట్ కొంత చూసుకుంటుంది. ఫీజు కానివే పిల్లల్ని కుంగదీస్తాయి. మొదటేడు మైనపు దిమ్మలు, కార్వర్లు, స్పిరిట్ దీపం, ఆ దిమ్మని చెక్కి చెక్కి ఒక దవడ పన్ను తేవాలి. రెండో ఏడు ఉత్తుత్తి దవడలు, ఎయిరోటర్. ఆపైన ఫోర్సెప్సులు. ఆఖరి ఏడు కోటా పూర్తి కావడానికి పేషెంట్ల కోసం బస్టాండుల్లో వెతుకులాట. సత్తెనపల్లిలోనో చందర్లపాడులోనో పత్తి రైతు ఇంట్లో ఈ జాబితా చదివి వినిపిస్తే తండ్రికి సగం పేర్లు తెలియవు, మొత్తం మాత్రం తెలుస్తుంది.

అందుకని, డబ్బు పిల్ల చేతికీ ఇవ్వకండి, తలకాయంత చెక్కు అట్టముక్క మీద రాసి వేదిక మీదా ఇవ్వకండి. ఆ అట్టముక్క పట్టుకుని ఫొటో దిగిన పిల్ల మొహం మీరు చూశారో లేదో, నేను చూశాను. పరికరాల షాపు బిల్లు మీద కట్టండి, హాస్టల్‌కి కట్టండి, రసీదు ఫైల్లో పెట్టండి. ఎంపికలో మీ ట్రస్టీల బంధువుల పిల్లలుంటే పక్కన పెట్టండి. చట్టం ఒప్పుకోదు, ఊరూ ఒప్పుకోదు. ఎంపిక చేసిన కారణం నాలుగు వాక్యాలు మినిట్స్‌లో రాయండి. ఎంపిక కాని పిల్లలకు కూడా ఒక ఉత్తరం రాయండి, దయచేసి.

ఈ సాయంత్రం విరాళం ఇవ్వాలనుకున్నవాళ్లు వేదిక మీదకు రావద్దు. తలుపు పక్కన కోశాధికారి గారు బల్ల వేసుకుని కూర్చున్నారు. రెండు వేలు దాటితే నగదు వద్దు, మీకు పన్ను రాయితీ రాదు. పాన్ నెంబరు చెప్పండి, తేదీ వేయించుకోండి, కార్పస్‌కా ఈ ఏటి ఖర్చుకా అన్నది మీరే రసీదు మీద రాయించండి. డబ్బు ఇంట్లో ఇద్దరిదీ అయితే ఇద్దరి పేర్లూ రాయించండి. కోశాధికారి గారూ, వచ్చే మే 31 లోపు ఆ జాబితా పన్ను శాఖకు పంపి, దాతలకు సర్టిఫికెట్లు ఇచ్చే పూచీ మీది. ఆలస్యమైతే రోజుకు రెండు వందలు రుసుం, అది ఫౌండేషన్ డబ్బులోంచి కట్టడానికి నేను సంతకం పెట్టను.