జాగా లేనివారికి ఇల్లెప్పుడు?

(నల్లగొండలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ముప్పయ్యేళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా పని చేసి, దస్త్రాలు కట్టడంలోనూ విప్పడంలోనూ వయసు గడిపినవారం. కనుక ఇంటి సమస్యను కూడా దస్త్రం వైపు నుంచే మొదలుపెడతాము. మన్నించగలరు.

ఇందిరమ్మ ఇళ్ల దరఖాస్తులను ప్రభుత్వం మూడు జాబితాలుగా విభజించింది. సొంత జాగా ఉండి ఇల్లు లేనివారు ఎల్-1. జాగా కూడా లేనివారు ఎల్-2. తక్కినవారు ఎల్-3. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఈ పథకం కింద అయిదు లక్షల రూపాయలు విడతలవారీగా అందుతాయి. పునాది పూర్తయిన తరువాతనే మొదటి లక్ష. తొలి దశలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. 2025 ఫిబ్రవరి 21న నారాయణపేట జిల్లా అప్పక్‌పల్లిలో ముఖ్యమంత్రి స్వయంగా శంకుస్థాపన చేశారు. మంచిదే. ఇల్లు స్త్రీ పేరున మంజూరు కావడం మరింత మంచిది. అయితే తొలి దశ ఎల్-1 వారిది. అనగా ఇల్లూ, జాగా రెండూ లేనివారే వెనుక వరుసలో నిలబడ్డారు.

ఆ వెనుక వరుసలో ఉన్నదెవరు? 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ముస్లింలు 12.7 శాతం. వారిలో అధికులు పట్టణవాసులు. మెకానిక్, దర్జీ, ఆటో నడిపేవాడు, పండ్ల బండివాడు, వీరందరూ కిరాయి గదుల్లో బ్రతుకుతున్నారు. ఊరిలో ఉన్నవానికి తాతలనాటి జాగా గజమో అరగజమో మిగిలి ఉండవచ్చు. పట్టణపు కిరాయిదారుకు మిగిలేది నెలాఖరు భయమే.

2015లో ఆరంభమైన రెండు పడక గదుల ఇళ్ల పథకాన్ని మేము పొగడబోవడం లేదు. ఇళ్లు ఆలస్యమయ్యాయి, చాలలేదు. కానీ అందులో ఒక సుగుణం ఉండింది. 560 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా ఇస్తూ, ‘నీకు జాగా ఉన్నదా?’ అని అడగలేదు. గ్రామాల్లో ఏడు శాతం, పట్టణాల్లో పన్నెండు శాతం మైనారిటీలకు కేటాయించారు. ఎల్-2 వారికి ఇళ్లో, ఇళ్ల స్థలాలో ఇచ్చే రోజున ఆ నిష్పత్తి తగ్గరాదన్నది మన మొదటి డిమాండు.

ఇప్పుడు మా దగ్గరకు వచ్చిన ఒక తల్లి సంగతి. భర్త చనిపోయి నాలుగేళ్లయింది. ఇద్దరు పిల్లలతో కిరాయి గదిలో ఉంటున్నది. ఆమె పేరు ఎల్-2లో వచ్చింది. మామగారికి పాత మొహల్లాలో ఇల్లు, వెనుక ఖాళీ జాగా ఉన్నాయి. ‘మామ పోయాక నా పిల్లల వాటా వస్తుంది కదా సాబ్, అప్పుడు కట్టుకుంటాను’ అన్నది. మేము కాసేపు మాట్లాడలేకపోయాము. రాదు. తండ్రి బ్రతికి ఉండగా కొడుకు మరణిస్తే, తక్కిన కొడుకులు ఉన్నప్పుడు ఆ మనుమలకు వారసత్వం లేదు. ఈ సంగతి ఆమెకు తెలియదు. ఇంట్లో తెలిసినవారు చెప్పలేదు.

షరీఅత్ ఇక్కడ దారి మూసివేయలేదు. పెద్దాయన జీవించి ఉన్నాడు కనుక హిబా చేయవచ్చు. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకున్నవారు అంగీకరించడం, జాగా స్వాధీనపరచడం అనే మూడు జరిగితే హిబా నోటిమాటతోనే చెల్లుతుంది. కానీ నోటిమాట దస్త్రానికి ఎక్కదు! ఒక కార్యాలయంలో ఆమెను రెండుసార్లు తిప్పి పంపింది కాగితం లేకపోవడం వల్లనే. మేము, మరో ఇద్దరు పెద్దలము ఆ ముసలాయన ముందు మూడు సాయంత్రాలు కూర్చున్నాము. బావగార్లు మొదట మొహం తిప్పుకున్నారు. చివరకు పెద్దాయన, ‘నా కొడుకు ఉంటే ఇచ్చేవాణ్ణి కాదా’ అని అరవై గజాలు కోడలికి ఇచ్చి రిజిస్టర్ చేయించాడు. ఎల్-1లో చేర్చమని అర్జీ పెట్టాము. ఇంకా జవాబు రాలేదు. ప్రతి సోమవారం ప్రజావాణికి వెళ్తున్నాము.

తప్పంతా ప్రభుత్వానిదే అనడం మాకు సమ్మతం కాదు. నలుగురు అన్నదమ్ములకు ఒకటే ఇంటి నంబరు, ఇంటిపన్ను రసీదు ఇంకా తాత పేరున. అక్కచెల్లెళ్ల వాటా అడిగితే అలకలు. సూరయె నిసాలో వాటాలు స్పష్టంగా ఉండగా మనమే పంపకాలు వాయిదా వేస్తున్నాము. ఆధార్‌లో ‘బీ’, రేషన్ కార్డులో ‘బేగం’. ఈ ఒక్క తేడాతో ఆగిపోయిన దరఖాస్తులు మేము ఎన్నో చూశాము.

ప్రభుత్వ భూమిలో గుడిసె వేసుకున్నవారి గతి వేరు. 2014 డిసెంబరులో వచ్చిన జీవో 58 కింద, అభ్యంతరం లేని స్థలాల్లో నిరుపేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించే వీలు కల్పించారు. వక్ఫ్ భూమి ప్రభుత్వ భూమి కాదు. కనుక దర్గా నీడన, ఖబరస్తాన్ పక్కన తరాలుగా ఉంటున్నవారికి ఆ దారి లేదు. వక్ఫ్ ఆస్తిని కాపాడమని అరిచే మనం, దానిమీద బ్రతికే ఫకీరు కుటుంబానికి ఏ ఏర్పాటు చేశాము? చెప్పడానికి మాకే సిగ్గుగా ఉంది.

పట్టా లేనివాని ఇంటికి ఏమవుతుందో 2024 ఆగస్టు చివరలో మహబూబ్‌నగర్ ఆదర్శనగర్‌లో చూశాము. తెల్లవారకముందే యంత్రాలు వచ్చాయి. కూలినవాటిలో వికలాంగుల ఇళ్లు కూడా ఉన్నాయి. అదే ఏడాది నవంబరు 13న సుప్రీంకోర్టు, పదిహేను రోజుల నోటీసు లేకుండా ఇల్లు కూల్చరాదని, నీడ అనేది 21వ అధికరణలోని హక్కని చెప్పింది. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు వంటి చోట్ల ఆక్రమణలకు ఆ రక్షణ వర్తించదు. ఈ మినహాయింపును కూడా మీ వీధిలో చెప్పండి, లేనిపోని ధైర్యం కలిగించకండి.

ఇక పాలమూరు కూలీలు. ఎవరెవరి ఆనకట్టలో, మేడలో కట్టిన చేతులవి. సర్వేకు వచ్చినప్పుడు వారు ముంబయిలోనో, పూణేలోనో ఉంటారు. గుడిసెకు తాళం ఉంటుంది. ‘అందుబాటులో లేరు’ అని ఒక గీత పడుతుంది. జనాభా లెక్కల్లో నిరాశ్రయులంటే ఆరుబయట, రోడ్డు పక్కన పడుకునేవారే. బంధువుల వరండాలో ఏళ్లతరబడి ఉన్నవారు ఆ లెక్కలోకి రారు. లక్ష జనాభాకు నూరుగురు తలదాచుకునే ఒక ఆశ్రయం ఉండాలన్నది పట్టణాలకు పెట్టిన నియమం. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ 2011 నాటికే లక్ష దాటాయి. ఆశ్రయం ఎక్కడుందో, రాత్రి తలుపు తెరుస్తారో లేదో ఈ వారం యువకులు వెళ్లి చూసి రావాలి.

వచ్చే ఆదివారం జొహర్ తరువాత మస్జిద్ వరండాలో మేము కూర్చుంటాము. ఆధార్, రేషన్ కార్డు, ఇంటిపన్ను రసీదు, పాత కాగితం ఏదున్నా తీసుకురండి, చిరిగినదైనా సరే. వలస వెళ్లినవారి కాగితాలు ఇంట్లో ఉన్న ఆడవారే తేవచ్చు. వారికి విడిగా కూర్చునే చోటు ఏర్పాటు చేశాము.