కాలిన గాయం మానిన తరువాత – ఊపిరికీ ఒంటికీ మళ్ళీ బలం

(గుత్తిలో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో, విశ్రాంత ఫిజియోథెరపిస్టు అయిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద మాట్లాడమంటే సాధారణంగా షుగరు, బి.పి., మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతారు. నేను ఈ రోజు వేరే విషయం ఎంచుకున్నాను. ఒళ్ళు కాలి, ఆసుపత్రిలో బ్రతికి బయటపడి ఇంటికి వచ్చిన మనిషిని మనం ఎలా చూసుకోవాలి? ఇది మనకు దూరపు విషయం కాదు. 2013 అక్టోబరు 30న బెంగుళూరు నుంచి హైదరాబాదు వెళ్ళే బస్సు పాలెం దగ్గర తగలబడి 45 మంది చనిపోయారు. అది మన గుత్తి మీదుగా పోయే రహదారే. అదే సంవత్సరం డిసెంబరు 28న బెంగుళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏ.సి. పెట్టెలో, అప్పటి మన అనంతపురం జిల్లాలోని కొత్తచెరువు దగ్గర మంటలు లేచి 26 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇవి పత్రికల కెక్కిన ప్రమాదాలు. స్టవ్వు దగ్గర చీరకొంగు అంటుకోవడం, మరిగే నీళ్ళు మీద పడడం వంటివి ఏ పత్రికలోనూ రావు.

మంటల్లో చర్మం ఒక్కటే కాలదు. మూసిన గదిలో, రైలు పెట్టెలో చిక్కుకున్నవాడు పొగ పీలుస్తాడు. ఆ వేడికి గొంతు వాస్తుంది. పొగలోని మసి, విషవాయువులు ఊపిరితిత్తుల లోపలి పొరను దెబ్బతీస్తాయి. కఫం పేరుకుని న్యుమోనియా రావచ్చు. పొగ పీల్చకపోయినా ఛాతీ చుట్టూ కాలినవారికి ఇంకొక చిక్కు ఉంది. మానిన చర్మం దళసరిగా, బిగువుగా తయారై బిగించి కట్టిన పట్టీలా ఛాతీని విచ్చుకోనివ్వదు. వీటికి తోడు, పెద్ద గాయమైతే శరీరం తన కండనే కరిగించుకుంటుంది. ఈ కరుగుడు గాయం మానగానే ఆగదు, ఒక్కొక్కరిలో సంవత్సరం దాటి కూడా సాగుతుంది. అందుకే ఇంటికి వచ్చిన మనిషి నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడతాడు.

అప్పుడు మన ఇళ్ళలో జరిగేదేమిటి? “పాపం, ఎంత బాధపడ్డాడో, కదిలించవద్దు” అని మంచం మీదే ఉంచుతారు. ప్రేమతోనే చేస్తారు, కాని నష్టం జరిగేది అక్కడే. ఒక సూత్రం జ్ఞాపకం పెట్టుకోండి: నొప్పి తెలియకుండా ముడుచుకునే భంగిమే అవయవాన్ని వంకర చేసే భంగిమ. మెడ ముందు భాగం కాలినవారికి తలక్రింద దిండు పెడితే గడ్డం క్రిందికి లాగుకుపోతుంది. చంక కాలినవారు చేతిని ఒంటికి ఆనించుకుని పడుకుంటే ఆ చెయ్యి తర్వాత పైకి లేవదు.

మరి ఏమి చేయాలి? మొదట శ్వాస. వెనక్కి ఆనుకుని కూర్చోబెట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టించండి. ముక్కుతో మెల్లగా గాలి పీలిస్తే ఆ చెయ్యి పైకి లేవాలి. తర్వాత ఈల వేసేటట్లు పెదవులు గుండ్రం చేసి, పీల్చిన సమయానికి రెండింతల సమయం తీసుకుని వదలాలి. ఆసుపత్రిలో మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఇస్తారు, దాని పేరు స్పైరోమీటరు. చాలామంది దానిలోకి ఊదుతారు. ఊదడానికి కాదది. గాలి లోపలికి పీల్చి బంతులు లేపాలి. కఫం ఉంటే మ్రింగకుండా దగ్గి ఉమ్మించాలి. బలవంతంగా ఊపిరి బిగబట్టే ప్రాణాయామాలు మొదట్లో వద్దు. బీడీ, సిగరెట్టు, కట్టెల పొయ్యి పొగ దరి చేరనివ్వకూడదు.

రెండవది నడక. మనలో రైల్వేవారు చాలామంది ఉన్నారు గనుక వారి భాషలో చెబుతాను. ఓవర్‌హాలింగ్ అయిన ఇంజనును మొదటిరోజే నిండు గూడ్సుకు కట్టరు, ఖాళీగా నడిపి చూస్తారు. అలాగే మొదట ఐదు నిమిషాలు నడిపించి, తర్వాత వారం వారం పెంచండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. కొంత బలం వచ్చాక అర లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని లేపించవచ్చు. అమెరికాలోని గాల్వెస్టన్‌లో తీవ్రంగా కాలిన పిల్లలకు 12 వారాలు క్రమంగా వ్యాయామం చేయిస్తే కండబలమూ, ఊపిరి శక్తీ పెరిగినట్లు వైద్యులు నిరూపించారు. వ్యాయామానికి తోడు గ్రుడ్లు, పప్పు, పాలు, మన వేరుశనగలు తప్పక పెట్టండి. తిండి లేని కసరత్తు కండను పెంచదు.

మన ప్రాంతానికి ఒక ప్రత్యేక హెచ్చరిక. లోతుగా కాలి మానిన చోట, చర్మం అతికిన చోట చెమట పట్టదు. ఒంటి వేడి బయటికి పోదు. గుత్తి ఎండల్లో ఇది ప్రమాదం. తెల్లవారుఝామున గాని, ప్రొద్దు గూకిన తర్వాత గాని నడిపించండి. పల్చని నూలు బట్ట కప్పి, మంచినీళ్ళు వెంట తీసుకుపోండి.

ఇవన్నీ డాక్టరు అనుమతితోనే చేయాలి. చర్మం అతికిన కొత్తలో ఆ భాగాన్ని కొన్ని రోజులు కదపకూడదు. ఎప్పటినుంచి కదపాలో సర్జను చెప్పాలి. ఛాతీ నొప్పి, తల తిరగడం, విశ్రాంతి తీసుకున్నా తగ్గని ఆయాసం, పెదవులు నీలిరంగుకు మారడం కనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో మనది ఒకటి. దానివల్ల ఆపరేషన్ల సంగతి పేదలకు కొంత తెలిసింది. వ్యాయామం సంగతి మాత్రం ఇంకా తెలియవలసి ఉంది. డిశ్చార్జి రోజున “ఇంటి దగ్గర ఏ వ్యాయామాలు చేయించాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి?” అని అడిగి కాగితం మీద వ్రాయించుకోండి.

చివరగా ఒక విన్నపం. కాలిన మనిషి గడప దాటడానికి భయపడేది నొప్పికి మాత్రమే కాదు, నలుగురి చూపులకు కూడా. ముఖ్యంగా ఆడపిల్లలు. పనికి పోయే కొడుకు, వంట చేసే కోడలు ఎంతసేపు ప్రక్కన నడవగలరు? మనకు సమయం ఉంది. ఎలాగూ ప్రొద్దున్నే నడుస్తాము. మన వీధిలో అలాంటివారు ఉంటే “రా అమ్మా, రా నాయనా, మాతో నాలుగడుగులు వేద్దువు” అని పిలుద్దాము. వారి వేగానికి మన వేగం తగ్గించుకుందాము. మన వయసుకు అదేమంత కష్టం కాదు!