తంత్రి పలుకు – విద్యుత్తు పలుకు
(లిలువాలో మన సంఘ సభయందు చేసిన ప్రసంగము)



మన హాలులోని పాత పియానోను అమ్మి, విద్యుత్ పియానో కొనవలెనని ప్రతిపాదన వచ్చినది. చేతు లెత్తుటకు ముందు చెవి యొగ్గవలెనని నా మనవి.

పాతదానిలో మెట్టు నొక్కగా, మెత్త చుట్టిన సుత్తి ఉక్కు తంత్రులను కొట్టును. పెక్కు స్వరములకు మూడేసి తంత్రులు. ఎంత శ్రుతి చేసినను వానిలో వెంట్రుకవాసి భేదము మిగులును. అందువలన నాదము మొదట త్వరగ తగ్గి, పిదప సన్నగ చాలసేపు నిలుచును. వెనుకనున్న చెక్క పలక దానిని గాలికి అందించును. కుడి పెడలు త్రొక్కినచో కొట్టని తంత్రులును తోడు పలుకును.

విద్యుత్ పియానోలో ఆ పలక లేదు. 1950ల నాటి వుర్లిట్జరులో సుత్తి కొట్టునది ఉక్కు రీడు. మన హార్మోనియపు రీడుకు దాయాది యనవచ్చును. 1965 నాటి ఫెండర్ రోడ్సులో సన్నని ఉక్కు కడ్డీ. దాని కదలికను అయస్కాంతము, తీగచుట్ట విద్యుత్తుగ మార్చును. మెల్లగ కొట్టిన గంటవలె, గట్టిగ కొట్టిన గుర్రుమనుచు పలుకును. అది నకలు కాదు, వేరొక వాద్యమే. మనకు అంగడిలో చూపినదో, అసలు పియానో ధ్వనిని రికార్డు చేసి వినిపించు డిజిటల్ యంత్రము.

చక్రమును సుత్తితో తట్టి పగులు పసిగట్టు విద్య నెరిగిన రైల్వేవారికి లోహపు పలుకును గూర్చి నేను చెప్పవలెనా! (గమకము మాత్రము రెండింటను సున్న.)

వానకాలపు తేమకు పాతదాని శ్రుతి చెడుటయు, కోశాధికారిగారి బాధయు నిజమే. రిహార్సలులకు క్రొత్తది కొనుడు, పాతదానిని అమ్మవలదు. ఇప్పుడు మూత తెరచి ఒక్క స్వరము మ్రోగించెదను. అది పూర్తిగ అణగువరకు దయచేసి ఎవరును కుర్చీ కదల్పవలదు.