విదేశవిద్యార్థులు - మన కర్తవ్యము
(నంద్యాల వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విదేశవిద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము సముద్రము దాటినవారము కాము. 30 ఏండ్లకు పైబడి ఈ ప్రాంతపు బాలురకు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రమించినవారము. దాటినవారు మా శిష్యులు. వారివలన వినినదియే మా పెట్టుబడి.

మన యితిహాసములలో విదేశవిద్యార్థి యొకడు కలడు. అతడు కచుడు. మృతసంజీవనీవిద్యను నేర్చి రమ్మని దేవతలు అతనిని శత్రుపక్షమువారి గురువగు శుక్రాచార్యుని యొద్దకు పంపిరి. రాక్షసులు అతనిని మూడుమార్లు చంపిరి. మూడుమార్లును తండ్రిని ప్రార్థించి బ్రతికింపజేసినది దేవయాని. పంపిన దేవతలు ఆ కాలమున అతని యోగక్షేమము నడిగినట్లు కానము. విద్య చేతికి వచ్చిన పిమ్మట మాత్రము అందఱును సంతోషించిరి. సభాసదులారా! మనము విద్యార్థులను పంపు రీతియు ఇట్లే యున్నదని మా మనవి.

ఆళ్లగడ్డ చేరువ పల్లెలోని యొక రైతుబిడ్డ మాయొద్ద చదివెను. 1906లో నెలకొన్న మన నంద్యాల వ్యవసాయ పరిశోధనస్థానమును బాల్యమునుండి చూచుచు, పైరుల తెగుళ్లను గూర్చిన శాస్త్రము నభ్యసింపగోరెను. అమెరికాలో ప్రవేశము దొరకగానే తండ్రి 4 ఎకరములు కుదువబెట్టెను. మన సంఘము విమానపు టిక్కెట్టునకు ధనమిచ్చి, శాలువ కప్పి సన్మానించెను. ఆ సభలో దీర్ఘోపన్యాసము చేసినది మేమే. తొలి యాఱుమాసములు వాడు దేనితో భుజించునని అడిగినవారు మాత్రము మాలో ఒక్కరును లేరు.

మొదట వాడు వ్రాసిన సంగతులు వినోదముగ నుండెను. మంచు కురిసిన మఱునాడు పొలముగట్టున నడిచినట్లు నడిచి రెండుమార్లు జారిపడెనట. ఆచార్యుడు రాగానే లేచి నిలువగా, ఆయన కంగారుపడి ఏమి కావలెనని అడిగెనట. తరగతిలో నోరు మెదపనివానికి మార్కులు తగ్గునట. ఒకనాడు ఆచార్యుడే "ఇది నాకు తెలియదు, వెదకి చూతము" అనగా, వీనికి ఆ రాత్రి నిద్రపట్టలేదట.

పిమ్మట నొక రాత్రి ఫోనులో ఏడ్చెను. ఇంటివద్ద వ్రాసి తెమ్మనిన తొలి వ్యాసమున గ్రంథములోని వాక్యములను అక్షరము తప్పక దింపి, ఎవరివో పేర్కొనలేదు. అది చౌర్యమని సున్న వేసి, మఱల జరిగినచో వెడలగొట్టుదుమని హెచ్చరించిరి. "అయ్యవారూ, మీరు మెచ్చుకొను పనియే కదా చేసితిని" అని వాడు అనగా మాకు నోట మాట రాలేదు. నిజమే. వల్లించినది వల్లించినట్లు అప్పగించినవానికే మేము ఎల్లకాలము మార్కులు వేసితిమి.

ఇందు దోషము మాదే గాని మన శాస్త్రములది కాదు. మన భాష్యకారులు పరుల మతమును ముందుగ నిలిపి, అది పరులదేయని తెలిపి, పిదప తమ సిద్ధాంతమును స్థాపింతురు. మూలము లేని మాట వ్రాయనని ప్రతినబట్టిన మల్లినాథసూరి తెలుగునాట పుట్టినవాడే. ఇది ఆ రాత్రి వానికి చెప్పితిమి. పదేండ్లకు ముందే చెప్పవలసినది.

చేతి సొమ్మును ఆ శీతకాలముననే అయిపోయెను. తరగతులు జరుగు దినములలో వారమునకు 20 గంటలు మాత్రము, అదియు విద్యాలయపు టావరణములోనే, పనిచేయుటకు అచ్చటి నిబంధన. వాడు భోజనశాలలో పళ్లెములు కడిగెను. తండ్రికి తెలుపలేదు. గదిలో చోటిచ్చి బియ్యము కొనిపెట్టినవాడు పై తరగతి చదువుచుండిన యొక తమిళుడు. నేడు మా శిష్యుడు పట్టము పొందెను, తండ్రి పొలమును విడిపించెను. కాని వానికి దేవయాని యైనవాడు ఆ తమిళుడే, మనము కాము.

పళ్లెములు కడుగుట సిగ్గుపడవలసిన పని కాదు. భీమవరమున 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారిని తలపుడు. ఇరువురు సోదరులు స్ప్రూ యను వ్యాధికి స్వల్పకాలములోనే బలియైరి. వైద్యము చదివి బోస్టను చేరిరి. ప్రయాణమునకు మామగారి ధనమును, కాకినాడ మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థ వాగ్దానమును ఆధారములయ్యెను. దాత కులము వేఱు, విద్యార్థి కులము వేఱు. అచ్చట ఆసుపత్రిలో రాత్రివేళల రోగుల మలమూత్రపాత్రలు కడిగి, పగలు హార్వర్డులో చదివిరి. కండరములకు శక్తినిచ్చు పదార్థములను గూర్చి 1927, 1929 సంవత్సరములలో ఫిస్కుతో గూడి వెల్లడించిరి. 1930లో డాక్టరు పట్టము వచ్చెను. సోదరులను మ్రింగిన స్ప్రూకు మందైన ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు పిదప వారే నాయకులైరి. 1948లో అచ్చటనే కన్నుమూసిరి. స్వదేశమునకు మరల రానే లేదు. ఇల్లాలు ఇచ్చటనే యుండిపోయెను. ఇట్టి విద్యకు ఇంటివారు చెల్లించు వెలను మనము లెక్కలో వ్రాసికొనము.

మఱియొక యపాయము. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయముపై అధికారులు దాడి చేసినప్పుడు దానిలో చేరిన మన తెలుగుపిల్లలు పెక్కండ్రు దిక్కుతోచక నిలిచిరి. కొందఱి కాళ్లకు జాడతీయు పట్టీలు తగిలించిరి. 2019లో మిషిగను రాష్ట్రపు ఫార్మింగ్టను విశ్వవిద్యాలయము ప్రభుత్వాధికారులే పన్నిన వలయని బయటపడెను. ప్రభుత్వపు పట్టికలో దాని పేరుండెను గాని, తరగతులు లేవు, బోధకులు లేరు. కావున పట్టికలో పేరు చూచినంత మాత్రమున చాలదు. ఎవరు బోధింతురు, ఏ దినమున తరగతి జరుగును అని అడుగవలెను.

ఇక మా మనవులు మూడు. పోవుటకు ముందు, అచ్చట చదివి వచ్చిన నలుగురితో సంఘము విచారణ చేయింపవలెను. టిక్కెట్టుతో సరిపుచ్చక, తొలి సంవత్సరపు కష్టమునకు వడ్డీలేని నిధి యొకటి యుంచవలెను. ఆ ఋణమును విద్యార్థి సంపాదనాపరుడైన పిమ్మట, తరువాతివాని చదువునకు చెల్లించునుగాక. ఆ నిధిలో పదియవ వంతైనను కులవిచారణ లేక ఒక పేదవిద్యార్థికి కేటాయింపవలెను. ఈ మూడవది కొందఱికి కటువుగా తోచవచ్చును. సత్యలింగనాయకరుగారి ధర్మమును, పేరు తెలియని ఆ తమిళుని బియ్యమును జ్ఞప్తికి తెచ్చుకొని విచారింపుడని వేడుచున్నాము.

శాలువ కప్పుట సులభము. ఆ శాలువ చలికి చాలదని మా శిష్యుడు నవ్వుచు చెప్పెను. మేము నవ్వలేకపోతిమి. ఈ సంఘము ఇకమీదట దేవతలవలె గాక, దేవయానివలె వర్తించునుగాక యని కోరుచు విరమించుచున్నాము.