దారిలో నడిచే ప్రభువుతో మాట
(రేడియో ప్రసంగ పాఠము)



లూకా సువార్త 24వ అధ్యాయం తెరిచి పెట్టుకోండి. ఇద్దరు శిష్యులు యెరూషలేము విడిచి ఎమ్మాయు అనే పల్లెకు నడిచిపోతున్నారు. సుమారు 11 కిలోమీటర్లు. మన నల్లపాడు నుంచి ఫిరంగిపురం అంత దూరం కూడా కాదు. తిరిగి లేచిన ప్రభువు వాళ్లతో కలిసి నడుస్తూ, ఏం మాట్లాడుకుంటున్నారని అడిగాడు. తెలియక అడిగాడా? ఆయనకు అంతా తెలుసు. అయినా వాళ్ల నోట వినాలనుకున్నాడు. వాళ్లు కూడా ఏమీ దాచలేదు. ఆయనే అని గుర్తుపట్టకుండానే, ఆయన మీద తాము పెట్టుకున్న ఆశ ఎట్లా అడుగంటిందో ఆయనకే చెప్పేశారు. అంతా విన్నాకే ప్రభువు లేఖనాలు విప్పి చెప్పాడు.

ఆ మధ్య ఒక కథోలిక సోదరి నన్ను అడిగింది. "అయ్యగారూ, ఆదివారం పూజ మానను. సత్ప్రసాదం తీసుకుంటాను. రాత్రి పిల్లలతో జపమాల చెప్పిస్తాను. అయినా ప్రభువు ఎక్కడో దూరంగా ఉన్నట్టుంటుంది. మీవాళ్లు యేసు నా స్నేహితుడు అంటారే, అదెట్లా?"

మా సంఘానికి రమ్మని నేను ఆమెను పిలవలేదు. ఆమె అడిగినదానికి జవాబు ఆమె సంఘంలోనే ఉంది. నల్లపాడులో లొయోలా పేరుతో ఒక పాఠశాల ఉంది కదా. ఆ లొయోలా ఇగ్నేషియస్ ఒక సైనికుడు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. మంచం మీద పడి ఉన్నప్పుడు చేతికి దొరికింది క్రీస్తు జీవితం గురించిన పుస్తకం. అక్కడ మొదలైంది ఆయన మార్పు. తరువాతి కాలంలో ఆయన తన శిష్యులకు నేర్పింది ఇది: ప్రార్థన ముగించేటప్పుడు స్నేహితుడితో స్నేహితుడు మాట్లాడినట్టు ప్రభువుతో మాట్లాడు. రోజు గడిచాక ఆయన ముందు కూర్చో. మొదట కృతజ్ఞత చెప్పు. తరువాత పొద్దుటినుంచి జరిగినదంతా గంట గంటకూ ఆయనతో కలిసి తిరిగి చూడు. తప్పు కనబడితే క్షమాపణ అడుగు. రేపటికి సాయం అడుగు.

ఆ సోదరికి ఇదే చెప్పాను. ఆమె భర్త కౌలుకు మిరప వేశాడు. 2025 ఆరంభంలో మిర్చి ధర ఎట్లా పడిపోయిందో మీకు తెలుసు. కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు అని ప్రకటించే దాకా వచ్చింది. "టిక్కీలు అమ్ముడుపోలేదని కూడా ప్రభువుతో చెప్పొచ్చా?" అంది. చెప్పమ్మా. మీ ఇంట్లో తిరుహృదయ పటం ఉంది కదా, దాని ముందు జపమాల అయిపోయాక వెంటనే లేవకు. ఇంకొక్క అయిదు నిమిషాలు కూర్చో. అప్పు ఎంతో చెప్పు. యార్డులో మీ ఆయన పడిన అవమానం చెప్పు. కోపం వస్తే కోపంగానే చెప్పు. కీర్తనలు రాసిన దావీదు అట్లాగే చెప్పాడు.

మన ప్రొటెస్టెంటు ఇళ్లలో పటం ఉండదు, వాక్యం అచ్చువేసిన క్యాలెండరు ఉంటుంది. రెండూ గోడమీదే ఉండిపోవచ్చు. యేసు మా స్నేహితుడని మనం పాడతాం. తీరా ప్రార్థనకు వంగితే, కంఠతా వచ్చిన నాలుగు మాటలు, పది స్తోత్రాలు, ఆమేన్. ఆ సోదరిది మనకంటే నిజాయితీగల ప్రశ్న అని నాకనిపిస్తుంది.

ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. స్నేహితుడు విని ఊరుకోడు, తిరిగి అడుగుతాడు కూడా. రోజంతా ఆయన ముందు పరిచినప్పుడు, కల్లంలో తాలుకాయ ఏరిన కూలీల డబ్బులు ఇచ్చావా అని ఆయన అడగవచ్చు. ధర లేదు ప్రభువా అంటాం. యాకోబు పత్రిక 5వ అధ్యాయం చదవండి, చేను కోసినవారికి ఇవ్వని కూలి దేవుని చెవిలో మొరపెడుతుందంటాడు. వారం గడిచాక ఆ సోదరి మళ్లీ కనబడింది. "మాట్లాడాను అయ్యగారూ. ఇద్దరు ముసలమ్మలకు కూలి బాకీ ఉన్నామని గుర్తొచ్చింది. గాజులు కుదువపెట్టి ఇచ్చేశాం" అంది. ధర మాత్రం పెరగలేదు.

ప్రార్థించుకుందాం. ప్రభువా, ఈ రాత్రి ఈ రేడియో కట్టేశాక, నీ ముందు కూర్చునే ప్రతి ఇంటివారి మాట విను. వాళ్లకు చెప్పడం చేతకాకపోతే, ఎమ్మాయు దారిలో అడిగినట్టు నీవే ముందు అడుగు. ఆమేన్.