ఊపిరితిత్తుల ఆపరేషనుకు ముందు – రక్తపరీక్ష చెప్పేదెంత?

(శతవార్షికోత్సవ ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



వైద్యుడు మాట్లాడవలసిన విషయానికి పాస్టరును నిలబెట్టారేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. నేను చదివింది వేదాంత కళాశాలలోనే గాని వైద్య కళాశాలలో కాదు. అయినా ఈ అంశాన్ని నేనే కోరి తీసుకున్నాను. అందుకు కారణం నేను చేసిన ఒక పొరపాటు. ముందుగా దానిని ఒప్పుకొని తరువాత మిగిలిన సంగతి చెబుతాను.

మా పాస్టరేటులో రిటైరయిన ఉపాధ్యాయులొకరు వున్నారు. సంఘమంతా ఆయనను మాస్టారు అనే పిలుస్తుంది. దగ్గు ఎంతకూ తగ్గకపోతే క్షయేమో అనుకున్నాం. చివరకు కుడి ఊపిరితిత్తిలో కాన్సరు గడ్డ అని తేలింది. చిన్నదిగానే వున్నది, ఆపరేషను చేసి తీసివేయవచ్చును అన్నారు. ఆపరేషనుకు ముందు చేసిన పరీక్షల కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని, ఒక సాయంకాలం ఆయన మా యింటికి వచ్చారు. ఆల్బుమిన్ 3.1, సి.ఇ.ఎ. 9 అని వున్నచోట ఎర్ర సిరాతో గీతలు గీసుకున్నారు. "అయ్యగారూ, నేను పరీక్ష తప్పానండి" అన్నారు. ముప్ఫయి యేళ్ళు పిల్లల పేపర్లు దిద్దిన మనిషి గదా!

ఆ అంకెల అర్థం నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి మొగమాటపడ్డాను. "ఆ కాగితాలు పట్టించుకోకండి మాస్టారూ, అంతా మేలే జరుగుతుంది" అని చెప్పి, ప్రార్థన చేసి పంపించాను. ఆయన నా మాటను ఉన్నదున్నట్లు తీసుకున్నారు. డాక్టరుగారు రమ్మన్న రోజున వెళ్ళలేదు. పది రోజుల తరువాత ఆయన భార్య వచ్చి కన్నీళ్ళతో చెప్పేవరకు ఆ సంగతి నాకు తెలియదు. మర్నాడే ఆయనను వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళాను. ఆ రోజు డాక్టరుగారి గదిలో విన్నదీ, తరువాత చదివి సరిచూసుకున్నదీ మీకు చెబుతున్నాను.

శరీర స్థితిని తెలిపే యిటువంటి కొలతలను వైద్యులు బయోమార్కర్లు అంటారు. మనం సూచికలు అనుకుందాం. క్షయ రోజులను చూసిన కుటుంబాలకు ఇవి కొత్త కాదు. ఇ.ఎస్.ఆర్. తగ్గిందంటే యింటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునేవారు. ఊపిరితిత్తుల కాన్సరు ఆపరేషను విషయంలో ఈ సూచికలు రెండు వేరు వేరు ప్రశ్నలకు జవాబు వెదుకుతాయి. ఆ రెండింటినీ కలిపివేయడం వల్లనే మనకు భయం పెరుగుతుంది.

మొదటి ప్రశ్న: ఈ మనిషి ఆపరేషనుకు తట్టుకొని కోలుకుంటాడా? ఆల్బుమిన్ ఈ ప్రశ్నకు సంబంధించినది. అది రక్తంలోని ఒక మాంసకృత్తు. సాధారణంగా 3.5 నుండి 5 వరకు వుంటుంది. తిండి చాలకపోయినా, ఒంట్లో జబ్బు రగులుతూ వున్నా తగ్గుతుంది. తగ్గినవారిలో ఆపరేషను తరువాత చిక్కులు ఎక్కువని అనుభవం. హిమోగ్లోబిన్ కూడా అటువంటిదే. గుండె మీది భారాన్ని తెలిపే బి.ఎన్.పి. ఎక్కువగా వుంటే ఆపరేషను తరువాత గుండె లయ తప్పవచ్చునని ముందే జాగ్రత్తపడతారు. వీటితోపాటు ఊపిరి బలం కొలుస్తారు, మెట్లు ఎక్కిస్తారు. ఆగకుండా 22 మీటర్ల ఎత్తుకు మించి మెట్లు ఎక్కగలిగినవారు ఆపరేషనుకు బాగా తట్టుకుంటారని వైద్యుల లెక్క. చూడండి, ఎంత ఖరీదయిన యంత్రం వచ్చినా మెట్ల విలువ పోలేదు!

రెండవ ప్రశ్న: గడ్డ తీసిన తరువాత జబ్బు తిరగబెడుతుందా? సి.ఇ.ఎ. ఈ ప్రశ్నకు సంబంధించినది. 1965లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో గోల్డ్, ఫ్రీడ్‌మన్ అనే వైద్యులు దీనిని వెల్లడించారు. ఆపరేషనుకు ముందు ఇది హెచ్చుగా వున్నవారిలో జబ్బు తిరిగివచ్చే అవకాశం కొంత ఎక్కువ. అయితే కాన్సరు లేకపోయినా పొగ త్రాగేవారిలో ఇది పెరుగుతుంది. మాస్టారికి చుట్ట అలవాటు వున్నది. కాబట్టి ఆ 9 అనే అంకెలో జబ్బు పాలెంతో, చుట్ట పాలెంతో విడదీసి చెప్పలేమన్నారు డాక్టరుగారు.

ఇంకొక సూచిక ఈ మధ్య కాలంలో వచ్చింది. కాన్సరు కణాలు తమ డి.ఎన్.ఎ. తునకలను రక్తంలోకి వదులుతాయి. ఆపరేషను తరువాత కూడా అవి రక్తంలో కనబడితే, ఎక్కడో కొంత జబ్బు మిగిలివున్నదని అనుమానం. ఇంగ్లండులో 2014లో ప్రారంభమైన ట్రేసర్‌ఎక్స్ అనే పరిశోధన, కొందరిలో స్కానులో కనబడకముందే రక్తంలో ఈ జాడ దొరుకుతుందని 2017లో చూపించింది.

దారి చూపే సూచికలు కూడా వున్నాయి. తీసిన గడ్డలో ఇ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువులో మార్పు వున్నదా అని చూస్తారు. ఈ మార్పు మన ఆసియావారిలోను, పొగ త్రాగని స్త్రీలలోను ఎక్కువగా కనబడుతుంది. అటువంటివారికి ఆపరేషను తరువాత ఒసిమెర్టినిబ్ అనే మాత్ర యిచ్చి చూశారు. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం అయిదేళ్ళ తరువాత జీవించివున్నవారు, మాత్ర వాడినవారిలో 100కి 88 మంది, వాడనివారిలో 78 మంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. 100కి 88 అన్నప్పుడు ఆ అంకె గుంపును గురించి మాట్లాడుతున్నది. ఆ 88 మందిలో మన మనిషి వున్నాడో లేడో అది చెప్పలేదు.

1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఇవార్ట్స్ గ్రాహం అనే సర్జను, కాన్సరు వచ్చిన ఒక ఊపిరితిత్తిని పూర్తిగా ఒకే ఆపరేషనులో తీసివేశారు. అలా తీసిన తరువాత రోగి కోలుకోవడం అదే మొదలు. రోగి పేరు జేమ్స్ గిల్మోర్. ఆయన కూడా డాక్టరే, వయస్సు 48. ఆపరేషనుకు ముందు యింటికి వెళ్ళి సమాధికి స్థలం కొనుక్కొని వచ్చారని చెబుతారు. ఆ గిల్మోర్ మరి 30 యేళ్ళు బ్రదికారు. 1950లో విండర్ అనే యువకునితో కలిసి సిగరెట్టుకూ ఊపిరితిత్తుల కాన్సరుకూ గల సంబంధాన్ని చూపించిన గ్రాహం, తాను పొగ మానినా, 1957లో అదే కాన్సరుతో మరణించారు. ఆనాడు ఆ ఆపరేషను గదిలో వున్నవారిని అడిగితే ఎవరు ముందు వెళతారని చెప్పేవారు?

ఇక మాస్టారి సంగతి. డాక్టరుగారు మూడు వారాలు గడువిచ్చారు. చుట్ట మానిపించారు. రోజూ గుడ్లు, పప్పు, పాలు తినిపించమన్నారు. మూడు బంతుల సాధనంతో ఊపిరి పీల్చే అభ్యాసం నేర్పారు. ఉదయం, సాయంకాలం మన యౌవనస్థులు ఆయనతో నడిచారు. మళ్ళీ పరీక్ష చేస్తే ఆల్బుమిన్ 3.4కు వచ్చింది. అంకె పెద్దగా పెరగలేదు గాని, మనిషి మూడంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కారు. ఆపరేషను జరిగింది. మూడవ రోజున గుండె లయ తప్పింది. వారు ముందే సిద్ధపడివున్నారు గనుక మందులతో సర్దుకున్నది. తొమ్మిదవ రోజున యింటికి వచ్చారు. ఇప్పటికి రెండేళ్ళయింది. ఆరు నెలలకొకసారి స్కానుకు వెళ్ళేముందు రాత్రి ఆయనకు నిద్ర పట్టదు. ఆ రాత్రి నేను వెళ్ళి కూర్చుంటాను. ఏమీ కాదు అని మాత్రం చెప్పను.

సంఘస్థులకు నా మనవులు నాలుగు. పరీక్ష కాగితాన్ని ఒంటరిగా చదువుకొని కుమిలిపోవద్దు. ఈ అంకె ఏ ప్రశ్నకు జవాబు, దీనిని మనం మార్చగలమా అని డాక్టరును అడగండి. ఆరోగ్యంగా వున్నవారు కాన్సరు మార్కరు పరీక్ష అనే ప్రకటనలు చూసి డబ్బు పోసుకోవద్దు, సి.ఇ.ఎ. ఊపిరితిత్తుల కాన్సరును ముందుగా పట్టే పరీక్ష కాదు. చుట్ట, బీడీ, సిగరెట్టు జబ్బు తేలిన తరువాత మానినా మేలున్నది. చివరిది, పరామర్శకు వెళ్ళినప్పుడు ఊరికే ధైర్యం చెప్పి రావద్దు. నాలుగు గుడ్లు పట్టుకొని వెళ్ళండి, నాలుగు అడుగులు తోడు నడవండి, ఆసుపత్రికి వెంట వెళ్ళండి.

మన అధ్యక్ష మండలము నూరేళ్ళు నిండిన యీ సంవత్సరములో, తెలియని చోట తెలియదని చెప్పే ధైర్యం నావంటి సేవకులకు కలుగునట్లు కోరుకుంటున్నాను.